పగటి నిద్రకు పనికొచ్చే ఇల్లు

ఇల్లలకగానే పండగ కాదన్నారు పెద్దలు. ఆ మాట పుట్టించినవాళ్ళెవరో గానీ, ఇల్లు కొనే బేరంలో ఒకసారి వేలు పెట్టి కాల్చుకునే ఉంటారు.

ఫోను మోగేసరికి నర్సమ్మ డ్యూటీ దిగి బస్సులో కూచుని ఉంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, పసిపిల్లల వార్డులో రాత్రి డ్యూటీలు చేసీ చేసీ ఆమె అద్దింటి ఓనరుకీ, పాలవాడికీ, ఆఖరికి సొంత ఆడపడుచుకీ కూడా నర్సమ్మే అయిపోయింది. ఫోనులో బ్రోకరు.

"మీరు చెప్పిన ధరకి టీచరమ్మగారు ఒప్పేసుకున్నారమ్మా. ఇక ఇల్లు మీదే. అయిపోయిందనుకోండి."

ఈ బ్రోకరుకి ప్రపంచంలో ప్రతి పనీ మొదలవకముందే అయిపోతుంది. అందుకే నర్సమ్మ మొగుడు అతనికి అయిపోయిందయ్య అని పేరు పెట్టాడు. మొగుడు లిఫ్టు మెకానిక్కు. తీగలు, కప్పీలు, మోటార్ల మధ్య బతికే మనిషి కాబట్టి, పైకి వెళ్ళిన ప్రతిదీ కిందికి వచ్చేదాకా నమ్మడు.

నర్సమ్మకు రెండు స్టాపుల దాకా ఒళ్ళు తెలియని సంతోషం. సొంత ఇల్లు! అదీ తన జీతంతో, ఆయన జీతంతో, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా. మూడో స్టాపు దగ్గర బస్సు ఆగింది, ఆమె సంతోషమూ ఆగింది. ఆ ఇంటిని తాము చూసింది రెండే రెండుసార్లు. ఆ రెండూ ఆదివారాలే. ఆదివారం పూట ఏ వీధైనా సాధువులాగే ఉంటుంది. సోమవారం దాని అసలు గుణం ఏమిటో ఎవరికి తెలుసు?

మిగతావాళ్ళకైతే ఇది పెద్ద విషయం కాదు. పగలంతా పనికి పోయి రాత్రి ఇంట్లో పడుకునే మనుషులు ఇల్లు కొనేటప్పుడు నీళ్ళు, గాలి, వెలుతురు చూసుకుంటారు. నర్సమ్మకు కావలసింది చీకటి, నిశ్శబ్దం, అదీ పట్టపగలు. ఇప్పుడున్న అద్దింట్లో పై వాటాలో ట్యూషన్ సెంటరు ఉంది. ఆమె కళ్ళు మూసుకునే వేళకి నలభైమంది పిల్లలు ఎక్కాలు అందుకుంటారు. ఏడేళ్ళుగా ఆమె ఎక్కాల మధ్యనే నిద్రపోతోంది, పోవడమంటే పోవడం కాదు, అటూ ఇటూ దొర్లడం. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నవాడు పదమూడో ఎక్కం కింద పడుకుని చూడలేదు.

అంతవరకైతే ఓర్చుకునేదే. పోయిన నెలలో ఒక రాత్రి, తెల్లారుతుండగా, అరచెయ్యంత బిడ్డకి ఎక్కించాల్సిన మందు సిరంజిలోకి తీసింది. పక్కన నిలబడ్డ హెడ్ నర్సు ఆమె మణికట్టు పట్టుకుంది. "ఎంత తీశావో చూసుకో" అంది. నర్సమ్మ చూసుకుంది. తియ్యవలసిన దానికి రెండింతలు ఉంది. బిడ్డకి ఏమీ కాలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు ఇంటికి వచ్చి మొగుడితో, "నాకు నిద్ర లేకపోతే ఎవరి ప్రాణం మీదికో తెస్తానండీ" అని చెప్పి, నెత్తి దాకా దుప్పటి కప్పుకుని ఏడ్చింది. ఇల్లు కొందామన్న మాట ఆ వారమే పుట్టింది.

ఆ సాయంత్రమే అయిపోయిందయ్య స్వయంగా వచ్చి, ఇక మిగిలిందేమిటో వేళ్ళ మీద చెప్పాడు.

"ఏముందమ్మా, బ్యాంకువాళ్ళు వచ్చి ఇంటికి విలువ కడతారు. ప్లీడరుగారు పాత కాగితాలన్నీ తిరగేసి, ఇల్లు నిజంగా టీచరమ్మదేనా, దాని మీద అప్పుల్లాంటివి ఏమన్నా ఉన్నాయా చూస్తారు. తనిఖీ చేసే ఇంజనీరు గోడలూ పైపులూ కరెంటూ చూస్తాడు. బీమా చేయించుకోవాలి. గురువారం సాయంత్రంలోగా మీరిద్దరూ బ్యాంకులో లోను సంతకాలు పెట్టాలి. అంతే. అయిపోయిందనుకోండి."

"అయిపోయినదానికే ఇంత పనుంటే, అవ్వకపోతే ఎంతుండేదయ్యా?" అన్నాడు మెకానిక్కు.

"గురువారం మాత్రం దాటనివ్వకండి సార్. ఆలోపు మీకు నచ్చకపోతే అడ్వాన్సు వెనక్కి తీసుకుని దర్జాగా వెళ్ళిపోవచ్చు. సంతకం పెట్టాక కుదరదు. గడువు దాటిందా, ఆవిడ ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఆవిడ తమ్ముడు ఇంకో బేరం పట్టుకుని గుంటనక్కలా కాచుకుని కూచున్నాడు."

ఆ రోజు నుంచి నర్సమ్మ కాలు కాలిన పిల్లి అయింది. ప్లీడరు కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయన్నాడు. ఆమెకు ఊరట కలగలేదు. బ్యాంకు మనిషి టేపుతో కొలిచి, నాలుగు ఫొటోలు తీసుకుని, బేరం ధర సరిపోతుందన్నాడు. ఆమెకు అదీ పట్టలేదు. మొగుడు బీమా వాళ్ళతో మాట్లాడుతుంటే కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంది.

తనిఖీ రోజున ఇంజనీరు చిన్న సుత్తి పట్టుకుని గోడల్ని వైద్యుడిలా తట్టుకుంటూ వెళ్ళాడు. బాత్రూము మూలలో చెమ్మ ఉందన్నాడు. వంటింటి వైరింగు పాతదన్నాడు. మెకానిక్కుకి ఇదంతా పెళ్ళి భోజనంలా ఉంది, ఆయన వెనకే తిరుగుతూ ప్రతి స్విచ్చూ వేసి చూశాడు. నర్సమ్మ మాత్రం వెనక గదిలో నిలబడి, "ఇక్కడ పగలు నిద్ర పడుతుందాండీ?" అని అడిగింది.

ఇంజనీరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "కప్పు ఊడి మీద పడదమ్మా. అంతవరకు నేను హామీ. నిద్ర సంగతి నా తనిఖీలో లేదు."

అది విన్న దగ్గర్నుంచి ఆమె ఇక ఆగలేదు. మంగళవారం డ్యూటీ దిగి ఇంటికి పోకుండా, రెండు బస్సులు మారి ఆ వీధికి వచ్చింది. ఎదురుగా మూతపడ్డ కొట్టు మెట్ల మీద కూచుని చెవులు రిక్కించింది. ఒక స్కూటరు పోయింది. ఒక కుక్క మొరిగింది, ఎందుకు మొరిగానా అన్నట్టు ఆగిపోయింది. ఇంటి పక్కన పెద్ద రేకుల షెడ్డు, దానికి తాళం. అదేమిటని అయిపోయిందయ్యకు ఫోను చేస్తే, "గోడౌను లాంటిదమ్మా" అన్నాడు. ఆ 'లాంటిది' ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. బుధవారం మళ్ళీ వచ్చింది. తాళం అలాగే ఉంది. నిద్ర లేని కళ్ళతో, చెదిరిన జుట్టుతో, ఎవరో పరాయి ఆడమనిషి పొద్దుటే మెట్ల మీద కూచుని ఇంటి వంక గుచ్చి గుచ్చి చూస్తుంటే లోపలున్నవాళ్ళకు ఎలా ఉంటుందో ఆమెకు తట్టనే లేదు.

గురువారం పొద్దున ఆమె మెట్ల మీద కూచున్న పది నిమిషాలకే టీచరమ్మ తలుపు తీసుకుని వీధి దాటి వచ్చింది. రిటైరైనా గొంతులో బెత్తం పోలేదు.

"మూడు రోజులుగా చూస్తున్నాను. ఏం కావాలమ్మా నీకు? ఇల్లు కొంటానని ఒప్పుకుని ఈ కాపలా ఏమిటి? నేను ఇటుకలు ఊడదీసుకుని పోతాననా?"

నర్సమ్మ సిగ్గుపడుతూ మెట్ల మీద నుంచి లేచింది. ఇవాళే ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండింటికి బ్యాంకుకి రమ్మన్నారు. ఈవిడకి కోపం వస్తే ఉన్న ఆశా పోతుంది. అబద్ధమాడే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పేసింది: రాత్రి డ్యూటీ, ఎక్కాలు, సిరంజి, మణికట్టు, అన్నీ. చెప్పి, "మీ వీధిలో పగలు చప్పుడుంటుందా టీచరుగారూ?" అని అడిగింది.

టీచరమ్మ ఆమె కళ్ళ కింద నల్లటి చారల వంక చూసింది.

"ముప్పయ్యేళ్ళు క్లాసురూముల్లో ఉన్నదాన్ని. నాకు చప్పుడు వినపడదు. నన్నడిగి లాభం లేదు. వెనక గదిలో మడతమంచం ఒకటి ఇంకా సామాన్లతో కట్టెయ్యలేదు. వచ్చి పడుకుని చూసుకో."

ఇల్లు కొనేవాళ్ళు గోడలు తట్టి చూస్తారు, కొళాయిలు తిప్పి చూస్తారు. అమ్మేవాళ్ళ మంచమెక్కి పడుకున్నవాళ్ళని ఎవరూ విని ఉండరు. నర్సమ్మ మొహమాటపడింది గానీ, మొహమాటం కన్నా నిద్ర పెద్దది. మొగుడికి ఫోను చేసి, తను ఇక్కడున్నానని, ఒంటిగంటకి వచ్చి తీసుకెళ్ళమని చెప్పింది. అట్టపెట్టెల మధ్య మడతమంచం మీద నడుం వాల్చింది. ఒక గంట కళ్ళు మూసుకుంటే ఈ గది సంగతి తెలిసిపోతుంది అనుకుంది. ఏ చప్పుడు వస్తుందా అని ఎదురు చూస్తూ, ఎదురు చూస్తూనే జారిపోయింది.

మెలకువ వచ్చేసరికి గోడ మీద ఎండ పసుపుపచ్చగా ఉంది. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. ఒళ్ళు తేలికగా, నోరు ఎండిపోయి, చెంప మీద దిండు మడతలు. ఏడేళ్ళలో ఇలా లేచిన గుర్తు లేదు. ఆ హాయి ఆమెకు అర నిమిషం కూడా దక్కలేదు, ఎందుకంటే పసుపుపచ్చటి ఎండ అంటే సాయంత్రం.

గుమ్మంలోకి పరిగెత్తింది. వీధి అరుగు మీద మొగుడు కూచుని ఉన్నాడు. చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది.

"టైమెంత?"

"అయిదవుతోంది."

"బ్యాంకు?"

"మూసేసి ఉంటారు."

ఆమె గుమ్మం దిగి అతని ముందుకొచ్చింది. "ఎప్పుడొచ్చారు మీరు?"

"పన్నెండున్నరకే వచ్చాను."

"వచ్చి నన్ను లేపకుండా ఇక్కడ కూచున్నారా? ఇల్లు పోయిందండీ. తెలుస్తోందా మీకు? గడువు ఇవాళే కదా."

"రెండుసార్లు గది దాకా వచ్చాను," అన్నాడతను, అరుగు వంకే చూస్తూ. "నువ్వు నోరు తెరుచుకుని పడుకున్నావు. నిన్నలా ఎప్పుడూ చూడలేదు. రాత్రి మళ్ళీ వార్డుకి పోవాలి కదా. ఆ బిడ్డ సంగతి గుర్తొచ్చింది. చెయ్యి రాలేదు."

నర్సమ్మకు కోపంతో ఏడుపొచ్చింది. ఈ మనిషికి బుద్ధి ఉందా? ఒక్క పూట నిద్ర కోసం బతుకంతా నిద్రపోవలసిన ఇంటిని వదిలేస్తాడా? ముల్లు తీయబోయి కాలు విరగ్గొట్టుకున్నట్టు కాలేదూ? తిట్టాలని నోరు తెరిచింది గానీ, ఆ చెమట చొక్కా చూసి తిట్టు గొంతులోనే ఆగిపోయింది. కోపం మాత్రం పోలేదు.

"తగువు తరవాత పడుదురు గానీ, నా మాట వినండి," అంది టీచరమ్మ లోపల్నుంచి వస్తూ. "మీ బ్రోకరుకి నేనే ఫోను చేశాను. సంతకం రేపు పది గంటలకి పెట్టుకోండి. గడువు ఒక రోజు పెంచినట్టు నా మాటగా చెప్పాను."

"మీ తమ్ముడుగారి బేరం ఉంది కదండీ?" అన్నాడు మెకానిక్కు.

"ఉంది. వాడు తెచ్చినవాళ్ళు దీన్ని పడగొట్టి నాలుగంతస్తులు లేపుతారట. నా ఇల్లు కొన్నాక వాళ్ళిష్టం, కాదనడానికి నేనెవర్ని? కానీ మీ ఆవిడ ఇందాక అక్కడ గురకపెడుతుంటే అనిపించింది. పడగొట్టేవాళ్ళెవరూ పడుకుని చూడరు."

నర్సమ్మకు గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఇల్లు ఉంది. నిద్ర పట్టింది. పెట్టిన పరీక్షలో ఇల్లు నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది. ఇన్నాళ్ళ జోరీగ ఎగిరిపోయి చెవులు ఖాళీ అయ్యాయి. టీచరమ్మ చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయింది.

అప్పుడే పిట్టగోడ మీద నుంచి ఒక నెరిసిన తల పైకి లేచింది. కింద బనీను, చేతిలో సుత్తి.

"లేచారా అమ్మా? ఇక కొట్టుకోవచ్చా? రేపు పొద్దున అప్పజెప్పాల్సిన నీళ్ళ ట్యాంకు ఒకటుంది."

నర్సమ్మ షెడ్డు వంక చూసింది. తాళం లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల రేకులు తళతళలాడుతున్నాయి. తరవాత మొగుడి వంక చూసింది. మెకానిక్కు ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు.

"ఏమండీ?"

"ఈయన రేకుల మేస్త్రి," అన్నాడు చివరికి. "మంచివాడు. పది రోజులు ఎక్కడో బిగింపు పనికి వెళ్ళి ఇవాళే వచ్చాడట. నేను వచ్చేసరికి సరిగ్గా మొదలెట్టాడు. నువ్వు అటు తిరిగి మూలిగావు. కాస్త ఆపమని అడిగాను, అంతే."

"అంతేనా?" అంది టీచరమ్మ. "పాత ఇనుము కొనేవాడు మైకు పెట్టుకుని వస్తే సందు చివరి దాకా ఎదురెళ్ళి వెనక్కి పంపాడు. బంతాట పిల్లల్ని పక్క వీధికి తోలాడు. ఎవరో కారు హారను కొడితే బానెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు. నా కాలింగ్ బెల్లు వైరు పీకేశాడు. ఇంతా అయ్యాక నేను టీవీ పెట్టుకోవచ్చో లేదోనని నన్ను చూసి దణ్ణం పెట్టాడు."

నర్సమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పరీక్ష పెట్టింది ఇంటికండీ. మీరు పక్కన నిలబడి కాపీ కొట్టిస్తే ఎలా?"

"నా సర్వీసులో ఇంత ఘోరమైన కాపీ చూడలేదు," అంది టీచరమ్మ. "అయితే ఒకటి. ఆయన వచ్చేదాకా నువ్వు పడుకున్నది మాత్రం సొంతమే. సగం మార్కులు ఇవ్వొచ్చు." ఆవిడ టీ పెడతానని లోపలికి వెళ్ళింది.

మేస్త్రి తల గోడ వెనక మాయమైంది. మరుక్షణం రేకు మీద సుత్తి పడింది. ఠంగుమన్న ఆ మోత గోడల్లోంచి, నేలలోంచి, నర్సమ్మ పళ్ళలోంచి పోయింది. దీని ముందు ఎక్కాలు లాలిపాటలు. వరసగా మోగుతున్న ఆ దెబ్బల మధ్య ఆమె వెనక గదిలోకి వెళ్ళి నిలబడింది. కిటికీ సరిగ్గా షెడ్డు వైపే ఉంది. తలుపు వేసి చూసింది, తీసి చూసింది. ముందు గదిలోకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. రేపు పది లోపు వద్దనుకుంటే అడ్వాన్సు వెనక్కి వస్తుంది. వచ్చాక? మళ్ళీ ట్యూషన్ సెంటరు కింద ఇంకో ఏడేళ్ళు. పదింటికి సంతకం పెడితే? రోజూ ఈ సుత్తి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏది లోతు తక్కువో ఎవరిని అడగాలి?

మెకానిక్కు ఆమె వెనకే వచ్చి, నేరం చేసినవాడిలా మడతమంచం అంచున కూచున్నాడు.

"నీకెలా అనిపిస్తే అలా చేద్దాం," అన్నాడు. "వద్దంటే వద్దు. ఇంకోటి చూసుకుందాం. ఒక్క నిమిషం కూచుంటాను, కాళ్ళు లాగుతున్నాయి."

ఆ ఒక్క నిమిషంలోనే గోడకి తల ఆనించి నిద్రపోయాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని పిలిస్తే వెళ్ళిన మనిషి, అక్కడి నుంచి నేరుగా ఇటే వచ్చాడు. మధ్యాహ్నమంతా ఎండలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు.

నర్సమ్మ తిరగడం ఆపి అతన్ని చూసింది. అతను పడుకునే వేళకి తను వార్డులో ఉంటుంది, తను పడుకునే వేళకి అతను ఏదో లిఫ్టు గోతిలో ఉంటాడు. మొగుడు నిద్రపోతుండగా చూసి ఎన్నాళ్ళైందో ఆమెకు గుర్తు రాలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. గడ్డం నెరిసింది, ఎప్పుడు నెరిసిందో. సుత్తి పడినప్పుడల్లా కనుబొమలు ముడిపడుతున్నాయి, ఒళ్ళో పెట్టుకున్న వేళ్ళు ఉలిక్కిపడుతున్నాయి. పాపం, మనిషి ఎంత అలిసిపోయాడు. ఇంత ప్రేమ ఉన్నవాడు దాన్ని నోటితో చెప్పి చావడు. వీధులెంట తిరిగి బెల్లు వైర్లు పీకుతాడు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఠంగుమని ఇంకో దెబ్బ. అతను నిద్రలోనే మూలిగి తల అటు తిప్పాడు.

నర్సమ్మ కొంగు దోపుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచింది. పిట్టగోడ దగ్గర మునివేళ్ళ మీద లేచి షెడ్డులోకి తొంగి చూసింది. రేకుల మేస్త్రి సుత్తి పైకెత్తి ఉన్నాడు.

"బాబాయిగారూ, కాసేపు ఆపుతారా? మా ఇంట్లో మనిషి పడుకున్నాడు."

మేస్త్రి ఎత్తిన సుత్తి అలాగే పట్టుకుని ఆమెని చూశాడు. తరవాత నెమ్మదిగా దాన్ని రేకు మీద పెట్టి, మెడ చుట్టూ ఉన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇక రోజూ ఇంతేనా అమ్మా?"

"ఇంతేనండీ," అంది నర్సమ్మ.